లివర్ ఫొటో కూడా పెట్టు

అమ్మలూ,

నీ పరిశోధన పోస్టర్ చూశాను. ఎమ్మారైలో ఎలుక కణితిని నల్లగా చూపించిన ఐరన్ ఆక్సైడ్ నానోరేణువే, 808 నానోమీటర్ల లేజర్ పడగానే వేడెక్కి దాన్ని కాల్చెయ్యడం నాకు ఎంత నచ్చిందో! అందుకే గట్టిగా రాస్తున్నాను.

ఐరన్ ఆక్సైడ్ రేణువులు మా రేడియాలజీ వాళ్లకు కొత్త కావు. 1996లో అమెరికాలో లివర్ స్కాన్‌కి అనుమతి వచ్చిన ఫెరుమాక్సైడ్స్ అవే. రక్తంలో వచ్చే పరాయి రేణువుల్ని పట్టి మింగే కణాలు లివర్‌లో ఉంటాయి, వాటిని కుప్ఫర్ కణాలంటారు. అవి ఈ రేణువుల్ని మింగేసేవి. మంచి లివర్ నల్లబడేది, ఆ కణాలు లేని కణితి తెల్లగా తేలేది. అప్పుడు మాకు పనికొచ్చిన ఆ మింగుడే ఇప్పుడు నీకు అడ్డం. రక్తంలోకి ఎక్కించిన నానోరేణువుల్లో కణితికి చేరేది 0.7 శాతమేనని 2016లో టొరంటో యూనివర్సిటీ వాళ్లు పదేళ్ల పేపర్లు వడపోసి తేల్చారు. మిగతావాటిలో చాలావరకు లివర్, స్ప్లీన్ పట్టేసుకుంటాయి. నీ పోస్టర్‌లో లివర్ ఫొటో లేదు. పెట్టు. అక్కడ ఎంత ఇనుము చేరిందో, ఎన్నాళ్లకు తగ్గిందో మీ గైడ్ అడగకపోయినా రాయి.

ఇక వెలుగు సంగతి. ఎలుక చర్మం కింద పెంచిన కణితికి లేజర్ సులువుగా అందుతుంది, మనిషి పాంక్రియాస్‌కి పైనుంచి అందదు. అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మందికి బంగారు పూత ఉన్న నానోరేణువులతో (నానోషెల్స్) ఇలాంటి లేజర్ చికిత్సే చేసి 2019లో ఫలితాలు రాశారు కదా, వాళ్లూ లేజర్ ఫైబర్‌ని లోపలికి దించాల్సి వచ్చింది.

నన్నడిగితే నోటి క్యాన్సర్ మీద పని చెయ్యి. మన శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుంటారు, అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. అంగిలి కోసేస్తే మాట ముక్కులోంచి వస్తుంది, తాగిన నీళ్లు ముక్కులోకి ఎక్కుతాయి. కొయ్యకుండా నయం చెయ్యగలిగితే ఆ మనిషికి అదెంత మేలో ఆలోచించు. అక్కడికి వెలుగు నేరుగా అందుతుంది. రేణువుల్ని కణితిలోకే సూదితో ఇవ్వొచ్చు, లివర్ బెడదా చాలావరకు తగ్గుతుంది. తలా మెడా క్యాన్సర్లకు వెలుగుతో పనిచేసే మందుకి జపాన్ 2020లోనే అనుమతిచ్చింది, ఆ పేపర్లు చదువు.

ఒక్క చిక్కుంది. అంగిలి పైనే గాలి, పక్కనే ఎముక. స్కాన్‌లో అవీ నలుపే, నీ రేణువులూ నలుపే. మూడు నాలుగు నానోమీటర్ల రేణువులైతే టీ1 అనే రకం ఎమ్మారైలో తెల్లగా వస్తాయి, కానీ అంత చిన్నవి సరిగ్గా వేడెక్కుతాయా? అది మీ ల్యాబ్‌లో చూడాల్సిందే. పేర్లు తీసేసిన అంగిలి స్కాన్లు కొన్ని పక్కన పెడుతున్నాను, దసరాకి వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.

మీ అమ్మ