బేరింగ్ మార్చినా మోత పోలేదు: మా షెడ్డులో ఇకనుంచి ఏం మారుతోందంటే

పాత కార్లు మా దగ్గరికి తెచ్చేవాళ్లందరికీ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ మధ్య మేం ఒక కారుకి అవసరం లేకుండా బేరింగ్ (చక్రం నున్నగా తిరగడానికి దాని మధ్యలో ఉండే బాల్స్ రింగు) మార్చాం. పొరపాటు నాదే, పనివాళ్లది కాదు, ఎందుకంటే బండి నడిపి చూసి "ముందు ఎడమ చక్రం బేరింగ్ పోయింది" అని తేల్చేసింది నేనే.

పదిహేనేళ్లు దాటిన కారు అది. 60 దాటగానే లోపల గుయ్‌మని మోత మొదలవుతుంది, స్పీడుతోపాటు పెరుగుతుంది, ఇంజిన్ రేజ్ చేస్తే మాత్రం ఏ తేడా లేదు. ఇన్నేళ్లుగా ఇదే మోత వింటున్నాను కాబట్టి వినగానే బేరింగ్ అనిపించింది. లిఫ్ట్ ఎక్కించి చక్రాన్ని అటూ ఇటూ ఊపితే కాస్త ప్లే, అంటే వదులు, కూడా తగిలింది, ఇంక వేరే ఏదీ చూడకుండా హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) విప్పించేశాను. మర్నాడు ఓనర్ ఫోన్ చేసి, "బేరింగ్ కొత్తది వేశారు, సౌండ్ మాత్రం అలాగే ఉందండీ" అన్నారు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

బండి మళ్లీ తెప్పించి ఈసారి తీరిగ్గా కూర్చున్నాను. వెనక ఎడమ టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరితే ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం, వరసగా గుంతలు గుంతలుగా తగిలింది. ఆ పక్క షాక్ అబ్జార్బర్ ఆయిల్ కారిపోయి ఎప్పుడో పని మానేసింది, దాంతో చక్రం రోడ్డుని అంటిపెట్టుకోకుండా ఎగిరెగిరి పడుతూ టైరుని అలా తినేసింది. వెనక టైర్లు ముందుకి, ముందువి వెనక్కి వేసి ఒక రౌండ్ తిరిగొస్తే మోత తీరే మారిపోయింది, వచ్చే చోటూ మారింది. మరి ముందు చక్రంలో నాకు తగిలిన ప్లే? అది టై రాడ్ ఎండ్‌ది, అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే రాడ్ చివరి జాయింట్‌ది. ఎవరినైనా బ్రేక్ తొక్కమని చక్రం మళ్లీ ఊపి ఉంటే ఆ సంగతి ఒక్క నిమిషంలో తెలిసిపోయేది. బేరింగ్ డబ్బు, లేబర్ రెండూ ఆయనకి వెనక్కి ఇచ్చేశాను.

ఇది ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, ఈ రెండు మోతలూ నిజంగానే కవలల్లా ఉంటాయి. బేరింగ్ తిరిగేది చక్రంతోనే, టైరు తిరిగేదీ చక్రంతోనే, స్పీడు పెరిగితే రెండూ పెరుగుతాయి. పైగా కారు బాడీ అంతా ఒకే రేకు పెట్టెలాంటిది, వెనక పుట్టిన మోత ముందు సీటు కిందనుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. మోత ఎటునుంచి వస్తోందో చెవితోనే తేల్చేస్తే ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా బోల్తా పడతారు.

రెండింటికీ తేడా పట్టుకోవడానికి రోడ్డు మీద కొన్ని గుర్తులున్నాయి, నడిపేటప్పుడు మీరు కూడా గమనించవచ్చు. గరుకు రోడ్డు మీదనుంచి నున్నటి కొత్త తారు రోడ్డు మీదకి వచ్చినప్పుడు మోత బాగా తగ్గినా, స్వరం మారినా టైరు మీద అనుమానం పెట్టుకోవాలి. బేరింగ్‌కి రోడ్డు ఎలా ఉందన్న పట్టింపు పెద్దగా లేదు, అది అలాగే గుర్రుమంటుంటుంది. ఇంకోటి, పొడవాటి వంపు తిరిగేటప్పుడు వినండి. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్‌ని, కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమ దాన్ని అనుమానిస్తాం. చాలాసార్లు ఇది నిజమవుతుంది, అన్నిసార్లూ కాదు, అందుకే దీన్ని గుర్తుగానే తీసుకుంటాను. దయచేసి ఈ పరీక్ష కోసం ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకండి, ఆ పని మాకు వదిలేయండి. స్టీరింగ్ బాగా తిప్పి బండి కదిలిస్తుంటే టకటకమని వస్తోందా? అది వేరే కథ, ఎక్కువసార్లు యాక్సిల్ బయటి చివర ఉండే సీవీ జాయింట్, అంటే స్టీరింగ్ తిప్పినా చక్రాన్ని తిప్పుతూ ఉండే కీలు. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు చుట్టూ చిమ్మి ఉంటే ఇంక అనుమానమే అక్కర్లేదు.

బండి లిఫ్ట్ మీదకి ఎక్కాక చేసేదాంట్లో ఓపిక కావాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాం, తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపుతాం. పైనా కిందా పట్టుకున్నప్పుడు ప్లే ఉంటే బేరింగ్ కావచ్చు, బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే గుండ్రటి కీలు) కావచ్చు. పక్కలకి ఊపినప్పుడు మాత్రమే ఉంటే స్టీరింగ్ వైపు, అంటే టై రాడ్ వైపు చూడాలి. ఇక్కడే ఇంకొకరు బ్రేక్ తొక్కి పట్టుకోవాలి. బ్రేక్ పట్టగానే హబ్, నకిల్ (బేరింగ్ కూర్చునే లోహపు దిమ్మ) ఒకటిగా బిగుసుకుంటాయి కాబట్టి ప్లే మాయమైతే అది బేరింగ్‌ది, అలాగే ఉంటే బాల్ జాయింట్‌దో ఇంకో జాయింట్‌దో. నేను ఆ రోజు ఎగ్గొట్టింది ఈ పనే.

ప్లే లేదంటే బేరింగ్ బాగుందని కూడా కాదు. మోత మొదలైన చాలా రోజులకి గానీ కొన్ని బేరింగ్‌లలో ప్లే రాదు. అందుకని ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద వేసి రెండో చేత్తో చక్రం మెల్లగా తిప్పుతాం. బాల్స్ తిరిగే దారి గరుకెక్కి ఉంటే ఆ జరజర స్ప్రింగ్ దాకా వచ్చి వేళ్లకి తెలుస్తుంది, మంచి బేరింగ్ వైపు ఏమీ తెలియదు. ఎడమ, కుడి రెండూ ఇలా పోల్చి చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. బ్రేక్ ప్యాడ్ కాస్త రాసుకుంటుంటే ఆ శబ్దం మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది, అవసరమైతే క్యాలిపర్ (ప్యాడ్‌లని డిస్క్ మీద నొక్కే భాగం) విప్పి పక్కకి కట్టి మళ్లీ తిప్పుతాం. డిస్క్ వెనక ఉండే పల్చటి రేకు వంగి డిస్క్‌కి తగులుతున్నా కిర్రుమని వస్తుంది, దాన్ని చేత్తో వంచితే చాలు.

అప్పటికీ తేలకపోతే ఇంజిన్ ఆన్ చేసి లిఫ్ట్ మీదే చక్రాలు తిప్పి, నకిల్ మీద మెకానిక్ స్టెతస్కోప్ పెట్టి వింటాం. దీన్ని మాత్రం ఇంట్లో జాకీ మీద ఎవ్వరూ ప్రయత్నించవద్దు. బండి జారితే ప్రాణం మీదకి వస్తుంది, అదీకాక ఒక చక్రం నేల మీద ఆగి ఉంటే డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకి పంచే గేర్లు) వల్ల గాల్లో ఉన్న రెండో చక్రం రెట్టింపు తిరుగుతుంది, మీటర్ 40 చూపిస్తుంటే అది 80కి తిరుగుతుంటుంది.

"కొత్త బేరింగ్ వేయించినా ఆరు నెలలకే మళ్లీ పోయింది" అని వేరే చోట పని చేయించుకుని వచ్చేవాళ్లు చెబుతుంటారు. బేరింగ్ నాసిరకమై ఉండొచ్చు, కానీ బిగించిన తీరు కూడా అంతే కారణం. బేరింగ్‌ని నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి, ఆ తర్వాత హబ్‌ని లోపలికి నొక్కేటప్పుడు లోపలి రింగుకి కిందనుంచి ఆనింపు ఇవ్వాలి. ఇది తారుమారు అయితే ఆ ఒత్తిడంతా బాల్స్ మీదుగా వెళ్లి నున్నటి దారిలో కంటికి కనిపించనంత చిన్న నొక్కులు పడతాయి. సుత్తితో కొట్టి ఎక్కించినా అంతే. బండి బయటికి వెళ్లేటప్పుడు నిశ్శబ్దంగానే వెళుతుంది, కొన్నాళ్లకి ఆ నొక్కులే మోతవుతాయి. యాక్సిల్ నట్టు కూడా గన్‌తో ఫట్‌మని బిగించి వదిలేయకూడదు, ఆ మోడల్‌కి కంపెనీ చెప్పిన టార్క్‌కి, అంటే బిగింపు బలానికి, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి, నట్టు కొత్తది వేయాలి, బిగించాకే బండి బరువు చక్రం మీద పడాలి. ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న చాలా బళ్లలో బేరింగ్ సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది, ఆ వైపు సెన్సర్‌కి ఎదురుగా రావాలి. తిరగేసి బిగిస్తే డాష్‌బోర్డ్ మీద ఏబీఎస్ లైట్ వెలుగుతుంది, మొత్తం మళ్లీ విప్పాల్సిందే, విప్పితే ఆ కొత్త బేరింగ్ సాధారణంగా పనికిరాదు.

మరీ పాత మోడళ్లలో టేపర్ రోలర్ బేరింగ్‌లు, అంటే బాల్స్ బదులు ఒక చివర సన్నగా ఉండే రోలర్లున్నవి, ఉంటాయి. వాటిని మార్చాల్సిన అవసరం ప్రతిసారీ ఉండదు. విప్పి, కడిగి, రోలర్లు నీలం రంగుకి మారలేదని, గుంతలు పడలేదని చూసి, కొత్త గ్రీజు పట్టించి, కొత్త సీలు వేసి సరిగ్గా బిగిస్తే మళ్లీ ఏళ్లు నడుస్తాయి. వాటికి కాస్త ప్లే ఉండాలి, మామూలుగా 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల దాకా. గట్టిగా ఉంటేనే మంచిదని బిగించేస్తే వేడెక్కి కాలిపోతాయి. నాకు ఈ పాత పద్ధతి బేరింగ్‌లంటే ఇష్టం, చేతిలో పని ఉన్నవాడికి అవి మర్యాద ఇస్తాయి.

ఇక సస్పెన్షన్. గుంతలో పడ్డప్పుడు ఠక్‌మంటే అందరూ షాక్ అబ్జార్బర్ అనే అంటారు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద, తక్కువ స్పీడులో లొటలొటమంటుంటే నేను ముందు చూసేది లింక్ రాడ్‌లు (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కి కలిపేవి), చిన్న పార్టు, తొందరగా అరుగుతుంది, మార్చడం తేలిక. బ్రేక్ వేసినప్పుడు, వదిలినప్పుడు ఒక్కసారి ధబ్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందివైపు బండికి కలిపే చెయ్యి) బుష్‌లు, అంటే దాని కీళ్లలో ఉండే రబ్బర్లు. బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ ముడిపడి టంగుమని వదులుకున్నట్టు వస్తే స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఉండే మౌంట్ బేరింగ్. స్ప్రింగ్ కింది చుట్టు విరిగి, స్ప్రింగ్ ఆనే గిన్నెలోనే కూర్చుని ఉంటే బయటికి కనిపించదు, టార్చి వేసి వేలు పెట్టి చూస్తేనే దొరుకుతుంది. బానెట్ మీద బరువు వేసి ఊపి "షాక్ అబ్జార్బర్లు బాగానే ఉన్నాయి" అని చెప్పేవాళ్లని నమ్మకండి, పూర్తిగా చచ్చినదాన్ని మాత్రమే ఆ పరీక్ష పట్టుకుంటుంది.

బుష్‌ల విషయంలో నా పాత తప్పు ఒకటుంది. మొదట్లో నేను లోయర్ ఆర్మ్ బోల్టులు బండి గాల్లో ఉండగానే, చక్రాలు కిందకి వేలాడుతుండగానే పూర్తిగా బిగించేసేవాణ్ణి. ఈ బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, వేలాడే స్థితిలో బిగిస్తే బండి కిందకి దిగగానే ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, ప్రతి గుంతకీ ఇంకా మెలితిరిగి తొందరగా చిరిగిపోతుంది. ఇప్పుడు చక్రాల మీద బండి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, ఆలస్యం ఎందుకని అడిగితే ఇదొక కారణం.

ఇకనుంచి ఏం మారుతుందంటే, మోత ఫిర్యాదుతో వచ్చిన ఏ బండికీ మొదటి రోజే పార్టు మార్చం. మీరు పక్కన కూర్చుంటారు, నేను నడుపుతాను, మీకు వినిపించే మోతా నాకు వినిపించే మోతా ఒకటేనని ఇద్దరం ఒప్పుకున్నాకే బండి లిఫ్ట్ ఎక్కుతుంది. కారణం వెతకడానికి పట్టే సమయానికి విడిగా చార్జి తీసుకుంటాం, ఇది కొందరికి నచ్చకపోవచ్చు, కానీ వెతుకులాట ఉచితంగా చేస్తే ఆ ఖర్చు పార్టులు మార్చి రాబట్టుకోవాలన్న ఒత్తిడి మా మీద పడుతుంది, ఆ ఒత్తిడి నాకు వద్దు. బిల్లు మీద ఖాయంగా తేలినవి వేరు, అనుమానం ఉన్నవి వేరు రాస్తాం. విప్పిన పార్టు మీ డిక్కీలో పెడతాం. బేరింగ్ ఒక పక్కే పోతే ఒక పక్కే మారుస్తాం, రెండోది ఊరికే ముట్టుకోం. షాక్ అబ్జార్బర్లు మాత్రం ఎడమ కుడి జతగానే వేస్తాం, ఒకటి కొత్తది ఒకటి అరిగింది ఉంటే బ్రేక్‌లోనూ మలుపులోనూ బండి తేడాగా ప్రవర్తిస్తుంది. టై రాడ్ ఎండ్ గానీ ఆర్మ్ గానీ మార్చాక అలైన్‌మెంట్ చేయకుండా బండి పంపం. పాత బండి నుంచి ఊడదీసిన బేరింగ్‌లు, బాల్ జాయింట్‌లు ఎంత దొరకని మోడల్ అయినా మేం బిగించం.

మీరు వచ్చేముందు డిక్కీ ఖాళీ చేసి రండి, జాకీ, స్పేర్ టైరు బిగువు చూడండి, లొటలొటల్లో కొన్ని అక్కడే దొరుకుతాయి. మోత ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకోండి, పెద్ద గుంతలో పడ్డాకా, నీళ్లలో నడిపాకా, టైర్లు మార్చాకా అన్నది మాకు చాలా పనికొస్తుంది.

మా పని రిజిస్టర్ మొత్తం తిరగేస్తున్నాను. మా దగ్గర బేరింగ్ మార్పించుకున్నవాళ్లలో ఎవరికైనా మోత పోకపోతే, "పాత బండి కదా, ఇంతేలే" అని సర్దుకుని ఊరుకుని ఉంటే, మళ్లీ తీసుకురండి, చార్జి లేకుండా మొదటినుంచి చూస్తాను. కానీ చక్రం దగ్గర గరగరమని రాపిడి మొదలైనా, స్టీరింగ్ వదులుగా ఊగుతున్నట్టున్నా, మెల్లగా ఆపుతున్నప్పుడు కారణం లేకుండా ఏబీఎస్ పనిచేస్తున్నా, మిగతా మూడింటికన్నా ఒక చక్రం దగ్గర వేడి ఎక్కువ కొడుతున్నా బండి నడుపుకుంటూ రావద్దు. ఉన్నచోటే పక్కకి ఆపి ఫోన్ చేయండి, మేమే వచ్చి ఎక్కించుకుని తెస్తాం.