బొటనవేలి కట్టు

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే కోట దాకా నడిచి వస్తున్నారు. పెరట్లో కరివేపాకు మళ్లీ చిగురేసింది. మన కుక్క రాణి మాత్రం మెట్లెక్కలేకపోతోంది. పదమూడేళ్లు వచ్చాయి కదా, వంటింటి గుమ్మం దగ్గరే గోనెపట్టా వేశాను.

చిట్టి పిన్ని బరంపురం నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. నీ కుక్క బంటీకి ఈ ఏడాది టీకాలు వద్దనుకున్నావట, ప్యాకెట్ తిండి మానేసి పచ్చి మాంసం పెడుతున్నావట. మాటల మధ్యలో చెప్పింది. నిజమేనా అని నిన్నే అడుగుదామంటే తొమ్మిది రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. గురువారం గ్రూపులో ఒక ఫోటో పెట్టి ఊరుకున్నావు. అందులో నీ ఎడమచేతి బొటనవేలికి కట్టు ఉంది. కూరగాయలు తరుగుతుంటే తెగి ఉంటుందిలే అన్నారు మీ నాన్న. అయ్యుండొచ్చు. నేనూ అదే అనుకుంటున్నాను.

ముందు తిండి సంగతి. ప్యాకెట్ మీద నీకు అనుమానం రావడం తప్పని నేననను. 2007లో అమెరికాలో కుక్కల, పిల్లుల తిండిలో మెలమైన్ అనే రసాయనం కలిసిన గోధుమ గ్లూటెన్ చేరింది. మూత్రపిండాలు పాడై ఎన్నో చచ్చిపోయాయి. 2018లో ధాన్యం లేని తిండికీ కుక్కల గుండె జబ్బుకీ ఏమైనా సంబంధం ఉందా అని అక్కడి ప్రభుత్వమే విచారణ మొదలుపెట్టింది. ఇవన్నీ నువ్వు చదివే ఉంటావు. కానీ ప్యాకెట్ మానేశాక ఆ గిన్నెలో ఏం పెడుతున్నావు? నా టెన్షన్ దాని గురించే.

కుక్కంటే తోడేలే, దానికి అన్నం పడదు అంటున్నారట ఈమధ్య. అది నిజం కాదు. పిండిపదార్థం అరిగించే జన్యువు కుక్కల్లో తోడేళ్ల కంటే ఎక్కువ నకళ్లుగా ఉందని 2013లోనే తేల్చారు. మనుషుల పక్కన వేల ఏళ్లు బతికిన జీవం, మన అన్నం దానికి అలవాటైంది. అలాగని ఉత్త అన్నం, పెరుగుతో పెంచేయొచ్చనీ కాదు. ఆ తప్పు నేనే చేశాను. రాణికి నాలుగు నెలలున్నప్పుడు ముంగాళ్లు రెండూ విల్లులా బయటికి వంగాయి. నడుస్తుంటే పాదం పక్కకి పడేది. పాతపట్నం తీసుకెళ్తే డాక్టరు గారు ఏం పెడుతున్నారని అడిగారు. పెరుగన్నం, చికెన్ ముక్కలు అన్నాను గొప్పగా. అన్నంలోనూ ఎముక లేని మాంసంలోనూ కాల్షియం బొత్తిగా చాలదమ్మా అన్నారు. అప్పుడే మొదటిసారి కుక్కపిల్లల ప్యాకెట్ కొన్నాను. కాళ్లు నిలబడ్డాయి గానీ కుడి ముంగాలు ఇప్పటికీ కాస్త వంకరే. చీకట్లో చెయ్యి వేసినా ఆ వంకర నా వేళ్లకి తగులుతుంది.

కాబట్టి ప్యాకెట్ పెడితే అట్ట వెనక సంపూర్ణ ఆహారమని, ఏ వయసుకో రాసి ఉందో లేదో చూడు. మూత తీసి విడిగా అమ్మేది కొనకు. ఇంట్లో వండితే డాక్టరుతో లెక్క రాయించుకో. మన పులుసుల్లోది పెట్టకు, ఉల్లి, వెల్లుల్లి దాని రక్తానికి చేటు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు. ఉడికించిన ఎముకలు వద్దు, చీలికలై పేగులో గుచ్చుకుంటాయి. పచ్చి మాంసంలో ఉండే క్రిములు బంటీకే కాదు నీకూ అంటుతాయి. పైగా ఇప్పుడు వేలికి గాయం. కత్తితో తెగిందే అనుకున్నా, ఆ చేత్తో పచ్చి చికెన్ కలపకు తల్లీ.

టీకాల గురించి కూడా డాక్టరు గారిని మళ్లీ కలిసి అడిగాను. నువ్వు వాదిస్తావని తెలుసు, అందుకే కాగితం మీద రాయించుకొచ్చాను. అన్ని సూదులూ ఏటేటా అక్కర్లేదన్న నీ మాట చాలావరకు నిజమేనన్నారు. పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్ అని కుక్కలకొచ్చే రోగాల టీకాలు చిన్నప్పుడు ఆరేడు వారాల నుంచి పదహారు వారాలు నిండేదాకా విడతలుగా వేయాలి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదట, అందుకే అన్ని విడతలు. ఏడాది లోపు ఇంకోటి వేశాక, మూడేళ్లకోసారి చాలని ప్రపంచ పశువైద్యుల సంఘమే చెబుతోందట. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ టీకా మాత్రం ఏటేటా వేయించాలి. భువనేశ్వర్‌లో వానాకాలం మీ సందులో మోకాల్లోతు నీళ్లు నిలుస్తాయని నువ్వే అన్నావు కదా. ఇక రేబిస్. అది మన దేశంలో ఏడాదికోసారి వేయించాల్సిందే. బంటీ టీకాల చీటీలో రేబిస్ ఎదురుగా ఏ తేదీ ఉందో చూసి నాకు చెప్పు. బంటీ గడప దాటదు అంటావేమో. రోజుకి రెండుసార్లు కిందికి దింపుతావు, కింద వీధి కుక్కలుంటాయి, నువ్వు వాటికీ బిస్కెట్లు వేస్తావు. నీ బుద్ధి నాకు తెలియదా.

బుల్లి మామయ్య పిక్క మీద మచ్చ చూశావు కదా. సైకిల్ మీంచి పడ్డానని మీ అందరికీ చెబుతాడు. పడలేదు. 1977లో వాడికి ఏడేళ్లు, నాకు పది. సంత నుంచి వస్తున్నాం. ఆ కుక్క మొరగలేదు. తల వేలాడేసుకుని, మూతి పక్క నుంచి చొంగ కారుస్తూ నడుచుకుంటూ వచ్చి పిక్క పట్టేసింది. వాడి చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు, గుప్పిట్లో నలిగి వేళ్లన్నీ పచ్చగా అయ్యాయి. మా నాయనమ్మ సున్నం, పసుపు పట్టించబోతే పక్కింటి మాస్టారు పరుగున వచ్చి ఆపారు. బావి గట్టు మీద కూర్చోబెట్టి బట్టల సబ్బుతో కడిగించారు. నేను తోడుతూనే ఉన్నాను, వాడు ఏడుస్తూనే ఉన్నాడు, ఆయన మాత్రం చాలు అనలేదు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. పదిహేను నిమిషాలు సబ్బుతో కడగాలని ఇప్పుడు ప్రతి ఆసుపత్రి గోడ మీదా రాస్తున్నారు. ఆయనకి అప్పుడే ఎలా తెలుసో.

మర్నాటి నుంచి పద్నాలుగు రోజులు బొడ్డు చుట్టూ సూదులు. గొర్రె మెదడు నుంచి తీసే మందు అది, మన దేశంలో 2004లో గానీ ఆపలేదు. మా నాన్న వాణ్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవారు, నేను వెనక పరుగు. బల్ల మీద పడుకుని చొక్కా అంచు పళ్లతో పట్టుకునేవాడు. పద్నాలుగో రోజుకి ఆ అంచు చిల్లులు పడిపోయింది. పొట్టంతా గట్టిపడితే, మెత్తని చోటు కోసం కాంపౌండరు వేలితో నొక్కి చూసేవాడు. బయటికి రాగానే నాన్న ఒక బెల్లం జీడి కొనిపెట్టేవారు. వాడు ఇప్పటికీ జీళ్లు ముట్టడు.

అదే రోజు ఆ కుక్కే వెనక వీధిలో ఇంకో పిల్లాణ్ని కరిచింది. వాళ్లు మంత్రం వేయించి తాయెత్తు కట్టించారు. రెండు నెలలు మాతో గోళీలాడాడు. ఒకరోజు ఆటకి రాలేదు. మంచినీళ్లు ఇస్తే గొంతు బిగుసుకుపోయి గ్లాసు తోసేస్తున్నాడని అరుగు మీద పెద్దవాళ్లు గుసగుసలాడారు. మమ్మల్ని ఆ వీధికి పంపలేదు. అంతే, వాణ్ని మళ్లీ చూడలేదు. వాడి గోళీలు కొన్ని మా దగ్గరే ఉండిపోయాయి.

ఇది రాయకూడదనుకున్నాను. నిన్ను భయపెట్టొద్దని మీ నాన్న మరీ మరీ చెప్పారు.

కానీ చిన్నీ, అది కత్తి గాయం కాకపోతే చెప్పు. తిడతానని దాచావేమో, తిట్టను. బంటీ పళ్లు గీరినా, వీధి కుక్క అయినా, ఈ ఉత్తరం అందిన రోజే ఆసుపత్రికి వెళ్లు. రోజులు గడిచాయి కదా, ఇంకేం లాభమనుకోకు, ఆలస్యంగానైనా మొదలుపెట్టాల్సిందే. ఇప్పుడు బొడ్డు జోలికి పోరు. చేతి చర్మంలో వేస్తారు, వెళ్లిన రోజు ఒకసారి, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు అడగరు. రక్తం వచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పు, గాయం చుట్టూ వేసే మందు ఇంకోటి ఉంటుంది. కరిచింది బంటీయే అయితే పది రోజులు కళ్లముందే ఉంచుకుని చూడు. ఆ పది రోజులూ చూశాక వెళ్తానని మాత్రం ఆగకు.

చీటీ ఫోటో తీసి పంపు. తేదీలు వంటింటి క్యాలెండర్‌లో రాసుకుంటాను. తోడు కావాలంటే గుణుపురం బండి పట్టుకుని నేనే వచ్చేస్తాను, రాణిని మీ నాన్న చూసుకుంటారు.

గోరింటాకు నూరి డబ్బాలో పంపుతున్నాను, ఫ్రిజ్‌లో పెట్టు. కొత్త ఆవకాయ చిన్న సీసాలో పోశాను. రాత్రుళ్లు పెరుగు మానకు. ఆ కట్టు తడవనీయకు.

మీ అమ్మ

తా.క. పాయసానికి కావలసినవన్నీ కూడా కట్టాను. కిస్‌మిస్ పొట్లం విడిగా ఉంది, బంటీకి అందకుండా పై అరలో పెట్టు.