వార్షిక నివేదిక: ఏసీలు, ఫ్యాన్ల విద్యుత్ భద్రత

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్ట్ మరమ్మతు, మెట్ల దగ్గర లైట్ల మార్పు ఈ ఏడాది సాఫీగానే జరిగిపోయాయి. ఆ ఖర్చులు లెక్కల పత్రంలో ఉన్నాయి. కమిటీకి ఎక్కువ సమయం పట్టింది మాత్రం వేసవికి ముందు చేసిన ఏసీ, ఫ్యాన్ల తనిఖీకే.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో కలిసి, తలుపు తీసిన ప్రతి ఇంటికీ వెళ్లాం. తరచుగా కనిపించిన లోపం వదులైన స్క్రూ. ప్లగ్‌లోనో, సాకెట్ వెనకో కనెక్షన్ వదులైతే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, కమురు వాసన వస్తుంది. వైరులో పారే కరెంటు పెరగదు కాబట్టి ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయి సరఫరా ఆపే బోర్డులోని స్విచ్) పడదు. అంటే, ట్రిప్ కాలేదు కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏసీ నడిపే ఇళ్లలో ఈ మాడిన గుర్తులు మరీ ఎక్కువ.

ఇంకో అలవాటు మాకు నిజంగా టెన్షన్ పుట్టించింది. ఏసీ వేయగానే ఎంసీబీ పడుతోందని 16 ఆంప్స్‌ది తీసేసి 32 ఆంప్స్‌ది బిగించుకున్నారు కొందరు. లోపలి వైరు మాత్రం పాతదే. ఎంసీబీ ఉన్నది ఆ వైరును కాపాడటానికి. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. పెద్ద ఎంసీబీ ఊరుకున్నా సన్నటి వైరు ఊరుకోదు. "మా ఇంట్లో మేం పెట్టుకున్నది, మీకెందుకు?" అని అడిగినవారూ లేకపోలేదు. మంటకు ఫ్లాట్ నంబర్లు తెలియవని వారికి చెప్పాం. చివరికి మార్పించుకున్నారు.

షాక్ కొడితే ఎంసీబీయే కాపాడుతుందని చాలామంది అనుకుంటున్నారు. ఆ పని ఆర్‌సీసీబీది, అంటే కరెంటు దారి తప్పి లీకైతే సరఫరా ఆపే వేరే స్విచ్‌ది. ఇళ్లలో వాడే 30 మిల్లీఆంప్స్ రకం, ఆ మాత్రం లీకేజీకే సరఫరా ఆపేస్తుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడండి, పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్త్ పిన్ లేని ప్లగ్‌తో ఏసీ నడపవద్దు.

ఫ్యాన్ల సంగతి కొంత నయం. నెమ్మదిగా తిరిగేవాటిలో చాలావరకు కెపాసిటర్ మారిస్తే సరిపోయింది. పైన హుక్కు దగ్గర రబ్బరు బుష్ అరిగినవి, బోల్టు జారిపోకుండా ఆపే స్ప్లిట్ పిన్ లేనివి కూడా దొరికాయి. ఊగే ఫ్యాన్ కింద మంచం వేసుకోకండి.

సర్వీసింగ్ రోజున ఏసీని రిమోట్‌తో ఆపితే చాలదు, యూనిట్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది. ఎంసీబీ దించాకే నీళ్లు కొట్టనివ్వండి. దించినా బయటి యూనిట్ కెపాసిటర్‌లో కొంతసేపు చార్జ్ నిలిచి ఉంటుంది, మూత మీరు తెరవొద్దు.

కొత్త ఏసీ బిగించేముందు కమిటీకి తెలియజేయాలనీ, దానికి మెయిన్ బోర్డు నుంచి విడి లైను వేయించాలనీ వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. తనిఖీ సమయంలో తాళం వేసి ఉన్న ఇళ్లవారు తమకు వీలైన తేదీని కార్యదర్శికి చెప్పగలరు.