పాత రిసీవర్లు రిపేరుకిచ్చేవారికి: ‘కెపాసిటర్లన్నీ మార్చేయండి’ అనే ఆర్డర్లు ఇక తీసుకోం

మరాంట్జ్, పయొనీర్, సాన్సుయి లాంటి 1970ల నాటి రిసీవర్లు (రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే స్టీరియో సెట్లు) చాలామంది ఒకే మాటతో ఇస్తున్నారు: లోపల కెపాసిటర్లన్నీ, అంటే కరెంటును నిలవ ఉంచుకునే భాగాలన్నీ, మార్చేయమని. ఆ పని ఇకపై చేయం. అంత పాత బోర్డు మీద వందకు పైగా సోల్డరింగులు విప్పితే రాగి ట్రాకులు లేచిపోతాయి. ఒక్క కెపాసిటర్ తిరగబడి పడిందంటే, ఉన్నది పాత లోపమో కొత్తగా వచ్చిందో తేల్చడానికే రోజులు పడతాయి. కొలిచి చూసి, పోయినదే మారుస్తాం. బిల్లు చిన్నదవుతుంది, మాకు గిట్టేదీ తగ్గుతుంది. కానివ్వండి.

అసలు మా దాకా రానక్కర్లేని సెట్లు చాలా ఉంటాయి. వెనక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అని ఉన్నచోట కలిపే చిన్న పిన్నులు పోతే మరాంట్జ్ 2270 లాంటివి అసలు పలకవు. టేప్ మానిటర్ స్విచ్ మురికి పట్టినా ఒక పక్క మూగబోతుంది. కాంటాక్టులు శుభ్రం చేసే డీఆక్సిట్ స్ప్రేల్లో స్విచ్చులకు డీ5, వాల్యూమ్ కంట్రోల్‌కు ఎఫ్5 కొద్దిగా కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పై సార్లయినా తిప్పండి. డబ్ల్యూడీ-40 వద్దు, దాని జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. మూత తీసేముందు ప్లగ్ పీకండి. పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మీటరు రెండు వోల్టుల కంటే తక్కువ చూపేదాకా చేయి పెట్టొద్దు.

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న సెట్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ముందు వెనక రాసి ఉన్న వోల్టేజి చూడండి. అమెరికా సెట్ 120, జపాన్‌లో అమ్మినది 100. వోల్టేజి సెలెక్టర్ ఉంటే 220 లేదా 240కి మార్చాలి, లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. ఆ తర్వాత సిరీస్ బోర్డులో (సెట్‌కు వెళ్లే కరెంటు ముందు బల్బు గుండా పోయేలా చేసిన బోర్డు) 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే భయం లేదు. అలాగే భగ్గున వెలుగుతూ ఉంటే లోపల షార్టు, వెంటనే ఆపేయండి. బల్బు మందగించిన సెట్‌ను మామూలు ప్లగ్గుకు మార్చి, స్పీకర్లు కలపకుండానే స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. వోల్టుల్లో వస్తే స్పీకర్ కాయిల్ కాలుతుంది. కొన్ని సెకన్లకు రిలే (స్పీకర్లను కలిపే లోపలి ఆటోమేటిక్ స్విచ్) ‘టక్’మనకపోతే చాలావరకు అది మీ స్పీకర్లను కాపాడుతోందన్నమాట, దాన్ని బైపాస్ చేయమని మమ్మల్ని అడగొద్దు.

తక్కువ సౌండులో ఒక పక్క పోయి, పెంచితే తిరిగొస్తే చాలావరకు ఆ రిలే కాంటాక్టులే కారణం. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి ఇవి ఇంకా త్వరగా నల్లబడతాయి. గరుకు కాగితంతో రుద్దితే పైనున్న వెండి పూత పోతుంది, అదే కాయిల్ వోల్టేజి ఉన్న కొత్త రిలే వేస్తాం. వాల్యూమ్ సున్నాలో పెట్టినా హమ్ (గుయ్‌మనే శబ్దం) తగ్గకపోతే పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. రికార్డులు వినే ఫోనో ఇన్‌పుట్‌లో మాత్రమే హమ్ వస్తే టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు చూసుకోండి. ఫిల్టర్ కెపాసిటర్ మార్చాల్సి వస్తే విలువ అదే, వోల్టేజి అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టుకునేది. 10,000 మైక్రోఫారాడ్ ఉన్నచోట 22,000 వేయమంటారు కొందరు. ఆన్ చేసిన క్షణంలో ఆ భారమంతా ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి మీద, పవర్ స్విచ్ మీద పడుతుంది.

ఆలస్యాల సంగతి. చిటపట శబ్దం చేసే 2ఎస్‌సీ458, 2ఎస్ఏ726 ట్రాన్సిస్టర్లకు బదులు కేఎస్‌సీ1845, కేఎస్ఏ992 వేస్తున్నాం, కాళ్ల వరుస సరిపోతుంది. ఏ షాపులోనైనా దొరికే బీసీ547 కాళ్ల వరుస వేరు, అలాగే గుచ్చితే పనిచేయదు. అందుకే సరైనది వచ్చేదాకా ఆగుతాం. ఎస్‌టీకే మాడ్యూలు (ఆంప్లిఫయర్ అంతా ఒకే ముక్కలో ఉండే భాగం) పోయిన సెట్లు మాత్రం ప్రస్తుతం తీసుకోవడం లేదు. మార్కెట్లో నకిలీలు ఎక్కువ, వాటి మీద గ్యారంటీ ఇవ్వలేం.

సెట్‌తోపాటు ఒక చీటీ పెట్టండి: లోపం ఏ ఇన్‌పుట్‌లో, ఏ పక్క, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా. ప్యాక్ చేసేముందు నాబ్‌లు లాగి విడిగా కవర్లో వేయండి. కొరియర్‌లో దెబ్బ తగిలితే ఆ కంట్రోళ్ల షాఫ్టులు వంగిపోతాయి, వాటికి జత దొరకదు.