పాతికేళ్ల పెళ్లిరోజు, మూడు పాచికలు

బరంపురం,
8 డిసెంబరు 2024.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరిన రోజున మేము పెట్టెలు సర్దుకుంటూ ఉన్నందువల్ల వెంటనే జవాబు రాయలేకపోయాను. తిరిగి వచ్చాక నాలుగు రోజులు దగ్గుతోనూ అంగడి లెక్కలతోనూ గడిచిపోయాయి. "పేకముక్క ముట్టనని అమ్మ చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేసినవాడివి, పెళ్లిరోజు చేసుకోవడానికి నీకు జూదశాల ఉన్న హోటలే దొరికిందా?" అని నువ్వు అడిగినదానికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ విషయంలో మా ఇంటి సంగతి మొదటి నుంచీ ఎరిగినవాడివి నువ్వొక్కడివే కనుక, తీరిక చేసుకుని వివరంగా రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, ఆ ఆలోచన నాది కాదు, నీ చెల్లెలిది. మా పెళ్లి ఎలా జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. 1999 అక్టోబరులో గోపాలపురం దగ్గర తీరం దాటిన తుపాను మన ఊరి చెట్లనూ కరెంటు స్తంభాలనూ పడగొట్టిపోతే, పది పన్నెండు రోజులకే ఉత్తరాన పారాదీప్ వైపు మహాతుపాను విరుచుకుపడింది. ఆ కార్తీకంలోనే మా ముహూర్తం. పెట్రోమాక్సు దీపాల వెలుగులో తలంబ్రాలు పోసుకున్నాం, నువ్వు ఇచ్ఛాపురం నుంచి తెచ్చిన రెండు బస్తాల బియ్యంతో విందు అయిందనిపించాం. "రోజులు బాగుపడనీ, ఎక్కడికైనా తీసుకువెళతాను" అని ఆ రాత్రి నేను ఇచ్చిన మాట మగ్గాల బాకీలు, అమ్మ జబ్బు, అమ్మాయి చదువు అంటూ పాతికేళ్లు వాయిదాలు పడింది. మీ కోర్టులో కూడా ఒక కేసుకు అన్ని వాయిదాలు పడి ఉండవు.

ఇప్పుడు అమ్మాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నది కదా, అక్కడి నుంచి సింగపూరుకు నేరుగా విమానం ఉన్నదనీ, నాలుగు గంటల ప్రయాణమేననీ చెప్పి, ఖర్చులో సగం తాను పెట్టుకుంటానని పట్టుబట్టింది. ఎక్కడ దిగాలని అడిగితే, మూడు మేడల నెత్తిన ఓడను నిలబెట్టినట్టుండే మెరీనా బే సాండ్స్ బొమ్మను చూపించి, "దీంట్లో ఒక్క రాత్రి ఉంటే చాలు, కింద జూదశాల కూడా ఉన్నదట, అదీ చూస్తాను" అన్నది నీ చెల్లెలు. నాకు నోట మాట రాలేదు. "పాతికేళ్లుగా ఈ ఇంట్లో పేక అన్న మాట వస్తే అందరూ గొంతు తగ్గిస్తారు. మామగారిని నేను చూడలేదు. ఆయనను అంతగా పట్టుకున్నది ఏమిటో ఒకసారి కళ్లతో చూడాలి. ఒట్టు పెట్టింది మీరు గాని నేను కాదు కదా" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరైనా ఉంటుందా?

ఇంత దూరం పోవడమెందుకు, గోవా లేదా అని నువ్వు అంటావని తెలుసు. గోవాలో 1992లో అయిదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ మిషన్లకూ, 1996లో నీటి మీది ఓడల్లో బల్లల ఆటలకూ చట్టం సవరించి అనుమతి ఇచ్చారనీ, అందుకే పణజీలో మాండవి నది మీద ఆ ఓడలు నిలబడి ఉంటాయనీ, 2023 అక్టోబరులో అక్కడ కొనే పందెం బిళ్లల మీద 28 శాతం జీఎస్టీ వేశారనీ నీ అంత వివరంగా కాకపోయినా నేనూ తెలుసుకున్నాను. కానీ ఆమెకు నచ్చింది ఆ ఓడ మేడ. పెళ్లిరోజు ఆమెది కూడా కనుక వాదించలేదు.

నవంబరు చివరి వారంలో వెళ్లాం. ప్రయాణం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రాత్రంతా నిద్ర లేదు, దిగేసరికి వాన, గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకున్నాం. మొదటి రెండు రాత్రులూ సెరంగూన్ రోడ్డు పక్క సందులో ఒక చిన్న బసలో గడిపి, మూడో రాత్రి, అసలు పెళ్లిరోజు నాడు, పెద్ద హోటలుకు మారాం. ఒక్క రాత్రి గది అద్దె మన అంగడిలో ఒక మంచి పట్టుచీర ధరకు నాలుగింతలు ఉన్నదని చెబితే నీకు అంచనా అందుతుంది. 2010లో తెరిచిన ఆ కట్టడానికి రూపం ఇచ్చినవాడు మోషే సఫ్దీ అనే వాస్తుశిల్పి. ఆ మూడు మేడలూ ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన పేకముక్కల్లా కనిపిస్తాయని అందరూ అంటారు. ఆ మాట నేను అమ్మాయి చేత వినే వరకు నాకు తోచలేదు, విన్న తరువాత మరొకలా చూడటం సాధ్యం కాలేదు.

57వ అంతస్తు మీద 150 మీటర్ల పొడవున్న ఈత కొలను ఉన్నది. ఆ హోటలులో దిగినవారిని మాత్రమే అందులోకి రానిస్తారు. కొలను అంచు కనిపించకుండా కట్టినందువల్ల నీళ్లు అలాగే ఊరి మీదికి ఒలికిపోతున్నట్టు ఉంటుంది. గోపాలపురంలో నోలియా (జాలరి) ముసలాయన చెయ్యి పట్టుకుని చీరతోనే అలల్లో మునిగి లేచే మనిషి, అక్కడ చీరతో దిగనివ్వరని తెలిసి, అమ్మాయి కొనిపెట్టిన మోకాళ్ల దాకా ఉన్న ఈత దుస్తులు తొడుక్కుని, పైన తువ్వాలు చుట్టుకుని గంటసేపు గట్టునే కూర్చున్నది. చివరికి వాన మొదలై అందరూ లేచిపోయాక దిగింది. ఎవరూ లేని ఆ నీళ్లలో, వానలో, కింద ఓడరేవు దీపాలు వెలుగుతుండగా ఆమె మెడ వరకు మునిగి నవ్వుతుంటే, ఆ అద్దె గిట్టిందనిపించింది నాకు. పిడుగుల భయమంటూ సిబ్బంది వచ్చి పది నిమిషాలకే లేపేశారు, అది వేరే సంగతి.

రాత్రి భోజనం అయ్యాక జూదశాలకు దిగాం. గుమ్మం దగ్గరి ఏర్పాటే నాకు అన్నిటికంటే వింతగా తోచింది. 21 ఏళ్లు నిండిన విదేశీయులు పాస్‌పోర్టు చూపించి ఊరికే లోపలికి పోవచ్చు. ఆ దేశపు పౌరులైతే ఒక రోజుకు 150 సింగపూరు డాలర్లు, అంటే మన రూపాయల్లో తొమ్మిది వేల పైమాట, ప్రవేశ రుసుము కట్టి తీరాలి. ఏడాది మొత్తానికైతే 3,000 డాలర్లు. మొదట్లో రోజుకు 100 ఉండేదట, 2019లో పెంచారు. లోపల ఏటీఎం పెట్టకూడదని చట్టమే ఉన్నది. కల్లు దుకాణం తెరిచి, గుమ్మంలో నిలబడి తన ఊరివాళ్లను మాత్రం "ఎందుకు నాయనా తాగడం" అని ఆపే యజమానిని నేను ఇదివరకు ఎక్కడా చూడలేదు. అయినా ఎవరినీ ఆపని చోట్లను చూసినవాణ్ణి కనుక వెక్కిరించబుద్ధి కాలేదు.

అక్కడే ఒక పలక మీద మరొక విషయం చదివాం. జూదం వ్యసనంగా మారిన మనిషిని క్యాసినోలోకి రానివ్వకూడదని అతని భార్యగాని, పిల్లలుగాని, తల్లిదండ్రులుగాని దరఖాస్తు పెట్టుకుంటే, విచారించి నిషేధం విధించే ప్రభుత్వ మండలి ఒకటి ఆ దేశంలో ఉన్నదట. తన మీద తానే నిషేధం వేయించుకోవడానికి కూడా వీలున్నది. నీ చెల్లెలు ఆ పలక ముందు చాలాసేపు నిలబడింది కాని ఏమీ అనలేదు.

లోపల నాలుగు అంతస్తుల ఎత్తున ఒకే బావిలా తెరుచుకున్న విశాలమైన శాల. కిటికీ లేదు, నాకు ఎక్కడా గడియారం కనిపించలేదు. రాత్రో పగలో తెలియని వెలుగు. సినిమాల్లో చూపించినట్టు కేకలూ కేరింతలూ ఉంటాయనుకున్నాను, ఉన్నది బ్యాంకులో ఉండేలాంటి నిశ్శబ్దం. బకరా అనే పేకాట ఆడే ఒక బల్ల దగ్గర, మన బడి మేష్టరులా ఉన్న ముసలి చైనా పెద్దమనిషి, బోర్లించిన ముక్క అంచును రెండు బొటనవేళ్లతో నూలుపోగంత పైకి లేపి, మళ్లీ దించి, మళ్లీ లేపి చూస్తున్నాడు. మిత్రమా, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మీ పాత ఇంటి వెనుక గదిలో మా నాన్నగారు ముక్కలు చూసుకున్నది సరిగ్గా ఇలాగే కదా! తలుపు సందులోంచి మనమిద్దరం చూసేవాళ్లం. రమ్మీ నేర్పుతో ఆడే ఆట అనీ, మూడు ముక్కలాట వట్టి అదృష్టమనీ 1968లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును నువ్వు వకీలు చదువు చదివే రోజుల్లో ఆయనకు వినిపించబోతే, "అయితే నేర్పు అక్కరలేని ఆటే నాకు మేలు" అని నవ్వారు గుర్తున్నదా? అప్పటికి అంగడిలో సగం పోయింది.

నీ చెల్లెలికి మేము అనుకున్న హద్దు 200 డాలర్లు. మిగిలిన డబ్బూ కార్డులూ గది బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాం. గిరగిర తిరిగే చక్రం ఆమెకు అర్థం కాలేదు. సిక్‌బో అని మూడు పాచికల ఆట ఒకటి ఉన్నది. గాజు బుడగ కింద పాచికలు ఎగిరిపడతాయి, మొత్తం 4 నుంచి 10 వరకు వస్తే 'చిన్న', 11 నుంచి 17 వరకు వస్తే 'పెద్ద', దేని మీద కాసినా గెలిస్తే కాసినంత వస్తుంది. "జాతరలో గుండాట లాంటిదే" అంటూ ఒక తెర ముందు కూర్చున్నది. నేను ఒట్టుకు కట్టుబడి వెనుక నిలబడ్డాను. మూడు పాచికలూ ఒకే అంకె చూపిస్తే పెద్దా చిన్నా రెండూ ఓడిపోతాయన్న ఒక్క మెలిక మాత్రం ఉన్నది. మూడు పాచికలు పడగలిగే తీరులు 216, అందులో పెద్దకు 105, చిన్నకు 105, ఆ మూడు ఒకటైన రకాలు 6. ఆ 216లో 6 మాత్రమే జూదశాలవాడి వాటా. మన చీరల వ్యాపారంలో ఇంత తక్కువ లాభం మీద ఎవడూ బతకడు. అయితే మన అంగడికి కొనేవాడు నిమిషానికొకసారి రాడు కదా.

మొదటి అరగంటలో ఆమె దగ్గర 200 కాస్తా 340 అయింది. చాలు, లేద్దామన్నాను. "ఉండండి, ఇంకొక్కసారి" అన్నది, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా. కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి వదలని మనిషి, ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తున్నది, పెద్ద అయిదుసార్లు వచ్చింది కనుక ఇప్పుడు చిన్న రాక తప్పదని నాకు చెబుతున్నది. పాచికలకు జ్ఞాపకం ఉండదని చెప్పబోయి మానేశాను, ఎందుకంటే ఆ మాటను మా అమ్మ నాన్నగారితో ఎన్నిసార్లు అన్నదో, అది ఎంతవరకు పనిచేసిందో నాకు తెలుసు. భుజం మీద చెయ్యి వేస్తే విదిలించింది. పాతికేళ్లలో అలా ఎన్నడూ చేయలేదు. గంటన్నరకు మొత్తం పోయింది. ఆమె చెయ్యి నడుముకు పోయి సంచీ కోసం తడుముకున్నది. సంచీ గదిలో ఉన్నదని గుర్తు వచ్చి ఆ చెయ్యి అలాగే ఆగిపోవడం నేను చూశాను, నేను చూశానన్న సంగతి ఆమె కూడా చూసింది.

గదికి వచ్చాక ఇద్దరికీ నిద్ర పట్టలేదు. అద్దం అవతల దూరంగా ఓడలు లంగరు వేసి ఉన్నాయి. చాలాసేపటికి, "మామగారిని నేను చెడ్డవారనే అనుకుంటూ వచ్చాను" అన్నది. తరువాత, "ఆ గుమ్మం దగ్గర రాసి ఉన్నది కదా, అలాంటి కాగితం ఆ రోజుల్లో మన ఊళ్లో ఉండి ఉంటే అత్తగారు సంతకం పెట్టేవారంటారా?" అని అడిగింది. పెట్టేది కాదన్నాను. నలుగురిలో ఆయన పరువు పోతుందని కమ్మలు అమ్మింది గాని, ఒకరి ముందు నోరు విప్పి చెప్పుకున్న మనిషి కాదు. "నేనైతే పెడతాను" అన్నది నీ చెల్లెలు. ఎవరి మీద అని నేను అడగలేదు.

మర్నాడు సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడిలో అర్చన చేయించుకుని, ఒక చోట ఇడ్లీలు తిని, అమ్మాయికి చిన్న గొలుసు కొని, మూడు రోజులూ ఒకరినొకరు వదలకుండా గడిపామన్న తృప్తితో తిరిగి వచ్చాం. ఇంత డబ్బు పోసినందుకు నేను చింతించడం లేదు. వచ్చే మాఘంలో మీకూ పాతికేళ్లు నిండుతున్నాయి కనుక చెబుతున్నాను, చెల్లెమ్మను తీసుకువెళ్లదలిస్తే ఆ హోటలులో ఒక్క రాత్రికి మించి ఉండనక్కరలేదు, కొలను కోసం ఆ ఒక్కటీ ఉండు. కింది శాల సంగతి మీ ఇద్దరూ మాట్లాడుకోండి.

ఒక పని చేసిపెట్టాలి నువ్వు. మా అమ్మ ఇంట్లోని పేకలన్నీ పొయ్యిలో పెట్టిన రోజున, నాన్నగారి గంజప్ప పేకను మాత్రం కాల్చడానికి చేతులు రాక మీ నాన్నగారికి ఇచ్చిందని విన్నాను. డబ్బు పెట్టకుండా గుడి అరుగు మీద పెద్దవాళ్లతో ఆయన ఆడిన ఆట అదొక్కటే కదా. చిత్రకారులు గుడ్డ మీద చింతగింజల జిగురు పట్టించి చేసిన గుండ్రని ముక్కలు, ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 96 ఉండాలి. ఆ చెక్కపెట్టె ఇంకా మీ అటక మీద ఉంటే ఎలుకలు కొట్టాయో లేదో ఒకసారి దించి చూడు. నీ చెల్లెలు చూడాలంటున్నది, ఆట తెలిసిన ముసలివాళ్లు బొడొబజారు వైపు ఎవరైనా మిగిలారేమో కనుక్కోమని కూడా పోరుతున్నది. ముక్కలు తక్కువైనా ఫరవాలేదు, పంపించు.

నీ,
మిత్రుడు