పుట్టిన సంవత్సరం మారేది మా బల్ల దగ్గరే

సంపాదకులకు,

పదహారేళ్ల లోపు పిల్లలకు సామాజిక మాధ్యమాలను ఆస్ట్రేలియాలో లాగా ఇక్కడా మూసివేయాలని మీ పత్రికకు పాఠకులు వరుసగా రాస్తున్నారు. అక్కడ ఆ చట్టం 2025 డిసెంబరు 10 నుంచి అమల్లో ఉంది. బెంగళూరు మారతహళ్లిలో సెల్‌ఫోన్ల అమ్మకం, మరమ్మతు దుకాణం నడుపుతున్న నాకు మాత్రం ఒక సందేహం. పిల్లవాడికి పదహారు నిండలేదని ఆ చట్టానికి చెప్పేదెవరు?

ఫోను కొన్నవారు గూగుల్ ఖాతా కూడా తెరిచి ఇమ్మంటారు. ఎవరికమ్మా అంటే, ఆరో తరగతి చదివే పాపకు అంటారు. పుట్టిన తేదీ దగ్గరకు వచ్చేసరికి, "తొంభై ఎనిమిదో ఏదో ఒకటి వేయండి అన్నా, లేకపోతే యాప్‌లు దిగవట" అని తొందరపెడతారు. నేను వేయనంటే కొందరు పక్క దుకాణానికి వెళతారు. పాలమూరు నుంచి వలస వచ్చి ఇక్కడ కట్టడాల్లో పనిచేస్తున్న మేస్త్రీ అలా అడిగితే అర్థం చేసుకోగలను. ఎదురుగా ఉన్న అపార్టుమెంటులోని సాఫ్ట్‌వేర్ దంపతులూ అదే మాట అంటారు. పగలంతా ఇలాంటి యాప్‌లు తయారుచేసేది వారే!

అసలు వయసు వేసినా ఖాతా తెరుచుకుంటుంది. పదమూడేళ్ల లోపు బిడ్డయితే తల్లి ఖాతాకో తండ్రి ఖాతాకో ముడిపడుతుంది. పిల్లల ఫోనును పెద్దలు అదుపులో ఉంచుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే, బిడ్డ కొత్త యాప్ దించుకోబోయినప్పుడు పెద్దవారి ఫోనుకు అనుమతి కోరుతూ కబురు వస్తుంది. రాత్రి ఎన్ని గంటలకు ఫోను ఆగిపోవాలో కూడా నిర్ణయించవచ్చు. చిక్కు ఎక్కడంటే, అమ్మ ఖాతా పాస్‌వర్డ్ అమ్మకే తెలియదు. అదీ ఎప్పుడో ఒక దుకాణదారు తెరిచి, చీటీ మీద రాసి ఇచ్చిందే. చీటీ పోయింది. పాస్‌వర్డ్ గుర్తున్నవారికి కూడా పనివేళల్లో మాటిమాటికీ అనుమతి ఇవ్వడం విసుగు. ఆ విసుగు పోవడానికి బిడ్డ వయసును పదిహేనేళ్లు పెంచేస్తారు.

దానివల్ల పోయేవి చిన్నవి కావు. పదమూడు నుంచి పదిహేడేళ్ల వారికి యూట్యూబ్‌లో ఒక వీడియో తర్వాత మరొకటి దానంతట అది మొదలయ్యే ఏర్పాటు ముందే ఆపి ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మన దేశానికి 2025 ఫిబ్రవరిలో టీన్ ఖాతాలు, అంటే పద్దెనిమిది నిండనివారి ఖాతాలు, వచ్చాయి. అవి మొదటినుంచీ ప్రైవేటుగా ఉంటాయి. ముక్కూమొహం తెలియనివారు సందేశాలు పంపలేరు. రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు నోటిఫికేషన్లు మోగవు. పదహారేళ్ల లోపువారు వీటిని సడలించుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. ఈ ఏర్పాట్లన్నీ ప్రధానంగా ఆ పుట్టిన సంవత్సరం మీదే నిలబడి ఉన్నాయి. కంపెనీ ఇంకేదో విధంగా పసిగడితే తప్ప, మన ఆరో తరగతి పాప అక్కడ ఉద్యోగానికి వెళ్లే మనిషి.

2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారందరినీ పిల్లలుగానే లెక్కించింది. తల్లిదండ్రుల సమ్మతిని సరిచూసుకున్నాకే వారి వివరాలు తీసుకోవాలంది. వారిని గురిపెట్టి ప్రకటనలు చూపకూడదంది. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. బాగానే ఉంది. కానీ నా బిడ్డకు ఇరవై దాటాయని తండ్రే రాయించాక, ఎవరి సమ్మతి అడుగుతారు?

సిమ్‌కార్డు ఇచ్చేటప్పుడు గుర్తింపు పత్రం చూస్తాం, ముఖం ఫొటో తీస్తాం. ఫోను ఏ చేతుల్లోకి వెళుతోందో మాత్రం ఎవరూ అడగరు. "పిల్లలకా?" అని అడిగి, కన్నవారి ఖాతాతో ముడిపెట్టి, వాడకం చూపించి పంపడం అమ్మకంలో భాగం కావాలి. ఫోన్ల కంపెనీలు, దుకాణదారుల సంఘాలు కలిసి ఇది చేయించవచ్చు. కొంత సమయం పడుతుంది, రుసుము తీసుకున్నా తప్పులేదు. తెరకు అద్దం అంటించడానికి డబ్బిచ్చేవారు దీనికీ ఇస్తారు.

ఇంకొక సంగతి. ఆటలో పరిచయమైనవాడు పిల్ల ఫొటో తెప్పించుకుని బెదిరిస్తున్నాడని తెలిసిన వెంటనే కన్నవారు పరుగున వచ్చి, ఫోను మొత్తం తుడిచేయమంటారు. దయచేసి అలా చేయించకండి. ఇక్కడ తుడిస్తే వాడి దగ్గర ఉన్నది పోదు, పోలీసులకు ఇవ్వవలసిన ఆధారమే పోతుంది. వాడి ఖాతా పేరు, నంబరు, బెదిరించిన సందేశాలు అలాగే ఉంచండి. డబ్బు పంపకండి. ఆ ఫొటోలు నాలాంటి దుకాణదారుకు చూపించవద్దు, ఇంకెవరికీ పంపవద్దు. ఫిర్యాదుకు సైబర్ నేరాల సహాయ నంబరు 1930 ఉంది, కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్ ఉంది. అందులో పిల్లలపై జరిగే నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది, పేరు చెప్పకుండానూ తెలియజేయవచ్చు. పిల్లల సహాయ నంబరు 1098కి పిల్లలే నేరుగా ఫోన్ చేయవచ్చు. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ కూడా ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు తీసిన అలాంటి ఫొటో ఫోను దాటి వెళ్లకుండానే దానికి ఒక గుర్తు సంఖ్యను తయారుచేసి, అందులో చేరిన వేదికలకు పంపుతుంది. వాటిలో ఆ ఫొటో బహిరంగంగా కనిపిస్తే తొలగించడానికి అది పనికొస్తుంది.

నా పేరు ప్రచురించవద్దని మనవి. ఆ మేస్త్రీ, ఆ దంపతులు కూడా మీ పత్రిక చదువుతారు.

— ఒక సెల్‌ఫోన్ దుకాణదారు, మారతహళ్లి, బెంగళూరు