గుకేశ్ ఆఖరి ఆట ఎత్తులు అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చదరంగ విజేత అయిన వార్తను మొదటి పేజీలో వేశారు, సంతోషం. అయితే ప్రత్యర్థి పొరపాటు వల్ల కలిసొచ్చిందంటూ ఆఖరి ఆటను ఒక్క వాక్యంలో తేల్చేయడం నన్ను బాధపెట్టింది.

పొరపాటు జరిగిన మాట నిజమే. 55వ ఎత్తులో ప్రత్యర్థి, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2 గడికి తెచ్చి మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోయాక, ఎ8 మూలన ఉన్న డింగ్ తెల్ల శకటుకు (బిషప్) తప్పించుకునే దారి లేదు. గుకేశ్ తన శకటును డి5లో పెట్టగానే రెండు శకట్లూ మార్పిడిలో పోయాయి. ఇక రాజులు, బంట్లే. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. 58వ ఎత్తుకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

కానీ అంతవరకూ ఆటను నడిపిందెవరు? 13 ఆటలయ్యాక ఇద్దరికీ 6.5 పాయింట్లు. ఇదీ డ్రా అయితే మర్నాడు విజేతను తేల్చేందుకు ర్యాపిడ్ ఆటలు, అంటే తక్కువ సమయంలో ఆడేవి. తెల్లపావులతో ఆడుతూ కూడా డింగ్ డ్రా వైపే మొగ్గాడు. ఆ స్థితిలో చాలామంది చేతులు కలిపేసేవారు. 18 ఏళ్ల గుకేశ్ కదలకుండా కూర్చుని, ఎత్తు తరువాత ఎత్తుగా ఎదుటివాడికి ఆలోచించే పని పెడుతూనే ఉన్నాడు. 11వ ఆట ఓడి, వెంటనే 12వది గెలిచిన డింగ్ లాంటి గట్టివాడు తడబడింది ఆ ఒత్తిడికే.

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఆదివారాలు మా వీధి పిల్లలకు చదరంగం నేర్పుతాను. మొన్న ఏడో తరగతి పిల్లవాడు, బంటు ఎక్కువ ఉండి కూడా, ‘‘డ్రాయే కదా తాతగారూ’’ అంటూ ఎదుటివాడికి చెయ్యి చాపాడు. ఆ ఆట ఆపించి, గుకేశ్ ఆటను బోర్డు మీద పేర్చాను. డింగ్ ఎత్తు వేసి, ఇప్పుడేం చేస్తావని అడిగాను. ముందు ఏనుగును పక్కకు జరిపాడు. మళ్లీ వెనక్కి పెట్టి, గడ్డం కింద రెండు చేతులూ ఆనించి చాలాసేపు చూశాడు. తరువాత ఏనుగులు మార్చి, శకటును డి5లో తానే పెట్టాడు. వాడి ముఖం చూడాలి మీరు!

మొత్తం 58 ఎత్తులు, చిన్న పెట్టెలో సరిపోతాయి. ఆదివారం సంచికలో వేయండి. మా పిల్లలు కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటించుకుంటారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి